ఆర్పినా మళ్లీ వెలిగే చెక్ ఇంజిన్ లైట్: పాత డీజిల్ ట్రక్కులో అసలు కారణాన్ని పట్టుకోవడం

పాత డీజిల్ ట్రక్కులో చెక్ ఇంజిన్ లైట్ ఒకసారి వెలిగి ఆరిపోవడం వేరు, చెరిపిన నాలుగు రోజులకే మళ్లీ వెలగడం వేరు. మొదటిది బ్యాటరీ నీరసించిన ఉదయం సెల్ఫ్ కొట్టినప్పుడో, కనెక్టర్‌లోకి కాస్త నీరు చేరినప్పుడో వచ్చి తనంతట తానే పోవచ్చు. రెండోదాని వెనుక మాత్రం సరిచేయకుండా మిగిలిపోయిన లోపం ఒకటి ఉంటుంది. అది కొన్ని పరిస్థితుల్లోనే బయటపడుతూ, బండి షెడ్డుకు చేరేసరికి కనిపించకుండా పోతుంది. అందుకే ఒకే కోడ్‌కు (లోపం ఏమిటో చెప్పడానికి ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసే గుర్తుకు) రెండు సెన్సర్లు, మూడు ఫిల్టర్లు మార్చినా లైటు ఆరని బండ్లు ఉంటాయి. అలాంటి బండి చేతిలో ఉన్నవారు కోడ్‌ను ఎలా చదవాలి, ఏ క్రమంలో వెతకాలి, ఏదైనా భాగం కొనే ముందు ఏమి కొలవాలి అన్నదే ఇక్కడి విషయం.

ముందుగా ఒక హెచ్చరిక. పసుపు లైటు వెలిగినా బండి మామూలుగా లాగుతూ ఉంటే ప్రయాణం ముగించుకుని తీరిగ్గా చూడవచ్చు. ఎరుపు లైటు వెలిగినా, ఆయిల్ ప్రెజర్ ముల్లు పడిపోయినా, కూలెంట్ వేడి గీత దాటినా, ఇంజిన్‌లో కొత్త చప్పుడు మొదలైనా బండిని పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. కోడ్ చదవడం ఆ తర్వాతి పని.

చెరిపే ముందు రాసుకోవాలి

స్కానర్ (కోడ్‌లు చదివే పరికరం) పెట్టగానే కోడ్‌లన్నీ చెరిపి ఇవ్వడాన్ని చాలా షెడ్లలో బండి యజమానికి చేసే మేలుగా భావిస్తారు. నిజానికి అది సాక్ష్యాన్ని తుడిచేయడం. కోడ్‌తో పాటు ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీఎం, లోపం నమోదైన క్షణంలోని ఆర్పీఎం, లోడు, కూలెంట్ వేడి, బండి వేగం వంటి వివరాలను కూడా దాచుకుంటుంది. దీనినే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపితే అది కూడా పోతుంది. కాబట్టి ముందు ప్రతి కోడ్‌నూ, దాని ఫ్రీజ్ ఫ్రేమ్‌నూ కాగితం మీదకు ఎక్కించాలి లేదా తెరను ఫోటో తీసుకోవాలి. భారీ ట్రక్కులలో ఒక్కో కోడ్ ఎన్నిసార్లు వచ్చిందో చూపే లెక్క కూడా ఉంటుంది. పది కోడ్‌లు కనిపించినప్పుడు ఒక్కసారి వచ్చిన తొమ్మిదింటినీ పక్కనపెట్టి, నలభైసార్లు వచ్చిన ఆ ఒక్కదాని వెంట పడడానికి ఈ లెక్క చాలు.

లైటు దానంతట అది ఆరిపోయినంత మాత్రాన లోపం పోయిందని అనుకోకూడదు. ఓబీడీ-2 అనే, బండి తన లోపాలను తానే కనిపెట్టే ప్రామాణిక పద్ధతిలో చాలా లోపాలు వరుసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే లైటు వెలుగుతుంది. మొదటిసారి కనిపించినది పెండింగ్ కోడ్‌గా మాత్రమే ఉంటుంది. తర్వాత వరుసగా మూడు ప్రయాణాల్లో లోపం కనిపించకపోతే లైటు ఆరుతుంది, కానీ కోడ్ మాత్రం ఇంజిన్ సుమారు 40 సార్లు చల్లబడి వేడెక్కే వరకు జ్ఞాపకంలో మిగిలే ఉంటుంది. అంటే లైటు ఆరి ఉన్న బండికి కూడా స్కానర్ పెట్టి చూడడంలో అర్థం ఉంది. బ్యాటరీ వైరు పీకి కోడ్ పోగొట్టడం పాతకాలపు అలవాటు. కరెంటు లేకపోయినా చెరగని మెమరీ ఉన్న ఈసీఎంలలో దాని వల్ల కోడ్ పోదు, కొన్నింటిలో ఈసీఎం నేర్చుకున్న సర్దుబాట్లు మాత్రం పోతాయి.

స్కానర్ ఎంపిక బండిని బట్టి ఉంటుంది. పికప్‌లకు, తేలికపాటి ట్రక్కులకు సాధారణంగా 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. భారీ ట్రక్కులలో గుండ్రటి 9 పిన్నుల సాకెట్, ఇంకా పాతవాటిలో 6 పిన్నులది కనిపిస్తుంది. కార్ల కోసం చేసిన చిన్న రీడర్‌కు అడాప్టర్ తగిలించినంత మాత్రాన భారీ ట్రక్కు భాష అర్థం కాదు. దానికి జే-1939 అనే భారీ వాహనాల కంప్యూటర్ భాషను చదవగలిగిన పరికరమే కావాలి. కొన్ని పాత బండ్లలో డ్యాష్‌బోర్డు మీది స్విచ్ నొక్కితే లైటే విడతలు విడతలుగా మెరిసి కోడ్ చెబుతుంది, దాని అర్థం బండి పుస్తకంలో ఉంటుంది.

కోడ్ చెప్పేది ఏమిటి, చెప్పనిది ఏమిటి

కోడ్‌లో ఒక సెన్సర్ పేరు ఉన్నందువల్ల ఆ సెన్సర్ పాడైందని అర్థం కాదు. ఆ సెన్సర్ ద్వారా ఈసీఎంకు ఒక అసహజమైన సంగతి తెలిసిందని మాత్రమే అర్థం. ఈ తేడా తెలియకపోవడం వల్ల అయ్యే ఖర్చే పాత బండి మీద అయ్యే ఖర్చులో ఎక్కువ అని నా అభిప్రాయం.

ఉదాహరణకు కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నింటికీ ఎక్కువ ప్రెజర్‌తో డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం) ప్రెజర్‌నే తీసుకుందాం. పి-0193 అంటే రైల్ ప్రెజర్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజీ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉందని అర్థం. ఇది వైరింగ్‌కో సెన్సర్‌కో సంబంధించిన విషయం. పి-0087 అంటే రైల్‌లో ప్రెజర్ నిజంగానే తక్కువగా ఉందని ఈసీఎం భావిస్తోంది. ఇక్కడ సెన్సర్ చాలావరకు నిజమే చెబుతూ ఉంటుంది, వెతకాల్సింది డీజిల్ దారిలో. మొదటి కోడ్‌కు ఫిల్టర్ మార్చినా, రెండో కోడ్‌కు సెన్సర్ మార్చినా డబ్బు వృథా.

భారీ ట్రక్కులలో ఇదే సంగతి రెండు అంకెలుగా వస్తుంది. ఎస్‌పీఎన్ అనేది ఏ కొలత అన్నది చెబుతుంది: 100 ఆయిల్ ప్రెజర్, 110 కూలెంట్ వేడి, 102 బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ప్రెజర్), 157 రైల్ ప్రెజర్. దాని పక్కనుండే ఎఫ్‌ఎమ్‌ఐ ఏ రకమైన లోపం అన్నది చెబుతుంది, చాలామంది చదవకుండా వదిలేసేది దానినే. 3 అంటే వోల్టేజీ ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే కరెంటు తక్కువగా పారుతోంది లేదా సర్క్యూట్ తెగింది, 2 అంటే రీడింగ్ నిలకడగా లేదు. ఇవన్నీ కరెంటు వైపు లోపాలు. 0, 1, 16, 18 వంటివి వస్తే సెన్సర్ చెప్పే విలువ నమ్మదగినదే కానీ అది మామూలు హద్దు దాటిందని అర్థం, అంటే ఇంజిన్‌లోనే ఏదో జరుగుతోంది. పదే పదే వచ్చే లైటుకు ఎఫ్‌ఎమ్‌ఐ 2 కనిపిస్తే నేను ముందు లూజ్ కాంటాక్ట్‌నే అనుమానిస్తాను.

రెండు వైర్ల టెంపరేచర్ సెన్సర్లకు ఒక సులువైన పరీక్ష ఉంది. కీ ఆన్ చేసి, ఇంజిన్ ఆపి ఉంచి, కూలెంట్ సెన్సర్ కనెక్టర్‌ను ఊడదీస్తే స్కానర్‌లో వేడి సుమారు మైనస్ 40 డిగ్రీలకు పడిపోవాలి. కనెక్టర్‌లోని రెండు పిన్నులను చిన్న వైరు ముక్కతో కలిపితే రీడింగ్ అసాధ్యమైనంత పైకి ఎగబాకాలి. రెండూ జరిగితే వైరింగ్, ఈసీఎం రెండూ బాగున్నట్టే, అనుమానం సెన్సర్ మీదకు మళ్లుతుంది. జరగకపోతే కొత్త సెన్సర్ కొన్నా ప్రయోజనం ఉండదు. మూడు వైర్ల ప్రెజర్ సెన్సర్ మీద ఈ ప్రయోగం చేయకూడదు, ఎందుకంటే అందులో ఒక వైరు 5 వోల్టుల సప్లై. అది ఎర్త్‌కు తగిలితే అదే సప్లై మీద ఉన్న మిగతా సెన్సర్లన్నీ ఒకేసారి పడిపోతాయి. సంబంధం లేని నాలుగైదు సెన్సర్ల కోడ్‌లు ఒకే క్షణంలో వచ్చిన బండిలో కారణం తరచుగా ఇదే: ఒక సెన్సర్ లోపల షార్ట్ అయి అందరి సప్లైనీ లాగేస్తుంది. వాటిని ఒక్కొక్కటిగా ఊడదీస్తూ 5 వోల్టులు ఎప్పుడు తిరిగి వస్తాయో చూస్తే దొంగ దొరుకుతాడు.

నోటు పుస్తకం

మళ్లీ మళ్లీ వచ్చే లోపానికి స్కానర్ కంటే నోటు పుస్తకం ఎక్కువ పనికొస్తుంది. లైటు వెలిగిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, కోడ్, ఇంజిన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, ఎత్తు ఎక్కుతోందా సమంగా నడుస్తోందా, ఎంత లోడు ఉంది, ట్యాంకులో ఎంత డీజిల్ ఉంది, వాన పడిందా, అంతకు ముందు రోజు ఏదైనా పని చేయించారా అన్నవి రాయాలి. బండి నడిపేది మరొకరైతే ఈ పుస్తకం క్యాబిన్‌లోనే ఉండాలి.

దీని విలువ నాకు ఒక సొంత బండి నేర్పింది. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ తగ్గి, రైల్ ప్రెజర్ తక్కువ అన్న కోడ్ వచ్చేది. షెడ్డులో ఫిల్టర్లు మార్చారు, తర్వాత రైల్ సెన్సర్ మార్చారు, చివరకు హై ప్రెజర్ పంపు మార్చాలన్న మాట వచ్చింది. ఆ దశలో ఐదుసార్లు రాసుకున్న వివరాలను వరుసగా పెట్టి చూస్తే, ఐదింటిలోనూ ట్యాంకు సగానికి తక్కువగా ఉంది. ట్యాంకు నిండుగా ఉన్న రోజు అదే ఎత్తును అదే లోడుతో బండి ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కింది. ట్యాంకులోని సక్షన్ పైపును బయటకు తీసి ఒక చివర వేలితో మూసి, మరో చివర నోటితో పీల్చి చూశాం. పట్టు నిలవలేదు. పైపు మధ్యలో, బ్రాకెట్ వెల్డింగ్ పక్కనే, గోరు తగిలితే గానీ తెలియని సన్నటి పగులు ఉంది. డీజిల్ ఆ పగులుకు పైన ఉన్నంతసేపు అక్కడి నుంచి కూడా డీజిలే వెళ్లేది, మట్టం దిగగానే గాలి వెళ్లేది. సెన్సర్ మొదటి నుంచీ నిజమే చెప్పింది.

బ్యాటరీ, ఎర్త్, వైరింగ్

పాత బండిలో ఏ కోడ్ వచ్చినా కరెంటు సరఫరా చూడకుండా ముందుకు పోకూడదు. 12 వోల్టుల బండిలో నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పోకూడదు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 24 వోల్టుల బండికి ఈ అంకెలను రెట్టింపు చేసుకుంటే సరిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ మీద కొలిచినప్పుడు అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్‌లో డయోడ్ పోయి ఉండవచ్చు. ఆ అలల వల్ల సెన్సర్ రీడింగులు చెదిరి వేరే వేరే కోడ్‌లు వస్తాయి.

తర్వాత ఎర్త్. వైరు బిగుతుగా కనిపించినంత మాత్రాన ఎర్త్ బాగున్నట్టు కాదు, దానిని కరెంటు పారుతున్నప్పుడు కొలవాలి. మీటరు నల్ల వైరును బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, ఎర్ర వైరును ఇంజిన్ బ్లాకు మీద గీకి శుభ్రం చేసిన చోట పెట్టి, మరొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. అర వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే ఎర్త్ పట్టీ చివర్లలో తుప్పో లోపల తెగిన పోగులో ఉన్నట్టే. ఈసీఎం ఎర్త్ పిన్ను దగ్గర, కీ ఆన్‌లో ఉండి లైట్లు వెలుగుతుండగా 0.1 వోల్టు దాటినా అనుమానించాలి. బోల్టు విప్పి, రంగును, తుప్పును మెరిసే ఇనుము కనిపించే దాకా గీకి, తిరిగి బిగించి, పైన గ్రీజు రాయడం పది నిమిషాల పని.

వైరింగ్ హార్నెస్‌ను, అంటే వైర్ల కట్టను, ఇంజిన్ నుంచి ఈసీఎం దాకా చేత్తో తడుముతూ పోవాలి. బ్రాకెట్ అంచుకు రాసుకునే చోట, టర్బో వేడి తగిలే చోట, క్యాబిన్ పైకి లేచినప్పుడు వంగే చోట ఇన్సులేషన్ అరిగిపోతుంది. ఎలుకలు కొరికిన వైర్లు కూడా పాత బండ్లలో అరుదు కాదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా, తిరిగే బెల్టులకు, ఫ్యానుకు చేతులు దూరంగా ఉంచి, హార్నెస్‌ను ఒక్కో జానెడు చొప్పున కదుపుతూ స్కానర్‌లో ఆ సెన్సర్ రీడింగ్ ఎగిరిపడుతుందేమో మరొకరు చూడాలి. కనెక్టర్‌లో పచ్చటి చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయాలి. ఆడ పిన్ను విచ్చుకుని పట్టు కోల్పోతే ఎంత శుభ్రం చేసినా లాభం లేదు, ఆ పిన్నునే మార్చాలి. టెస్ట్ లైటు ముల్లుతో ఇన్సులేషన్‌ను గుచ్చే అలవాటు మానుకోవాలి, ఆ రంధ్రంలోంచే ఆరు నెలల తర్వాత తేమ ప్రవేశిస్తుంది. ఇంజిన్‌ను ప్రెజర్ నీటితో కడిగిన మర్నాడే కోడ్‌లు మొదలైతే కారణం కోసం ఎంతో దూరం వెతకనక్కర్లేదు.

బండిలోని కంప్యూటర్ల మధ్య కమ్యూనికేషన్ పోయిందని కోడ్ చెప్పే భారీ ట్రక్కులో ఒక కొలత చాలా సంగతులు తేల్చేస్తుంది. బ్యాటరీ వైరు తీసి, 9 పిన్నుల సాకెట్‌లో సీ, డీ పిన్నుల మధ్య ఓమ్‌లు కొలిస్తే సుమారు 60 రావాలి. 120 వస్తే రెండు చివర్లలో ఉండే టెర్మినేటింగ్ రెసిస్టర్లలో ఒకటి లేదు, లేదా మధ్యలో వైరు తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లు ఎక్కడో కలిశాయి.

చల్లని ఇంజిన్ చెప్పే నిజాలు

రాత్రంతా ఆగి ఉన్న బండికి తెల్లవారి, సెల్ఫ్ కొట్టకముందే, కీ ఆన్ చేసి స్కానర్‌లో లైవ్ డేటా చూడడం చాలామంది చేయని పని. ఆ సమయంలో కూలెంట్, ఇంటేక్ గాలి, డీజిల్ మూడింటి వేడీ దాదాపు ఒక్కటిగా, బయటి గాలి వేడికి దగ్గరగా ఉండాలి; ఒకటి మాత్రం ఇరవై డిగ్రీలు పక్కకు పోతే ఆ సెన్సర్ తప్పుతోందని ఏమీ విప్పకుండానే తెలుస్తుంది. మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టం) ప్రెజర్ వాతావరణ పీడనంతో సమానంగా ఉండాలి, అంటే సముద్రమట్టం దగ్గర సుమారు 100 కిలోపాస్కల్‌లు. స్కానర్ బూస్ట్‌ను మాత్రమే చూపేదైతే సున్నా. ఆయిల్ ప్రెజర్, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ముందు వెనుకల మధ్య ప్రెజర్ తేడా కూడా సున్నా దగ్గరే ఉండాలి. మసి పట్టిన మానిఫోల్డ్ ప్రెజర్ సెన్సర్ ఈ పరీక్షలోనే ఎక్కువగా దొరికిపోతుంది. దానిని విప్పి తగిన క్లీనర్‌తో కడిగి, ఆరబెట్టి మళ్లీ కొలిచిన తర్వాతే కొత్తది కొనాలా వద్దా అన్న ఆలోచన చేయాలి.

డీజిల్ దారి, గాలి దారి

ప్రెజర్ నిజంగానే తక్కువని తేలితే ట్యాంకు నుంచి మొదలుపెట్టి ఇంజిన్ వైపు రావాలి, పంపు నుంచి వెనక్కి కాదు. వాటర్ సెపరేటర్‌ను గాజు సీసాలోకి ఖాళీ చేసి కాసేపు ఉంచితే నీరు అడుగున గీతలా విడిపోతుంది. సక్షన్ వైపు ఒక చోట పారదర్శకమైన పైపు ముక్కను తాత్కాలికంగా బిగించి ఇంజిన్ నడిపితే బుడగలు కంటికి కనిపిస్తాయి. ఎడతెగకుండా బుడగలు వస్తుంటే ఆ ముక్కను వెనక్కి జరుపుతూ గాలి ఎక్కడ చేరుతోందో పట్టుకోవచ్చు. హై ప్రెజర్ వైపు మాత్రం ఇలాంటి ప్రయోగాలు చేయకూడదు. కామన్ రైల్‌లో ప్రెజర్ వెయ్యి బార్ దాటి, చాలా ఇంజిన్లలో 1,600 బార్, అంతకు మించీ ఉంటుంది. సూదిమొన అంత రంధ్రంలోంచి చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, అది ఆపరేషన్ అవసరమయ్యే గాయం. లీకును చేత్తో తడమకూడదు, ఇంజిన్ నడుస్తుండగా ఆ పైపుల నట్లు వదులు చేయకూడదు.

గాలి వైపు మొదట చూడవలసినవి ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే భాగం) పైపులు. బూస్ట్ తక్కువ అని పి-0299 వచ్చిన బండిలో టర్బో మీద అనుమానం పడే ముందు, హోస్ క్లాంపుల చుట్టూ నూనె మరక ఉందేమో చూడాలి. హోసు ఐడిల్‌లో బాగానే కనిపించి లోడు మీద మాత్రమే విచ్చుకోవచ్చు, కాబట్టి రెండు చివర్లూ మూసి గాలి నింపి సబ్బునీళ్లు చల్లి చూడడమే నమ్మదగిన పద్ధతి.

ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు), డీపీఎఫ్ ఉన్న బండ్లలో ఒక గొలుసును గుర్తుపెట్టుకోవాలి. డీపీఎఫ్ నిండిందని పి-2463 పదే పదే వస్తుంటే, దానిని శుభ్రం చేయించడం వల్ల కొన్ని వారాలు మాత్రమే గడుస్తాయి. మసి ఎక్కువ కావడానికి కారణం ముందే ఉంటుంది: కారే ఇంజెక్టర్, తెరుచుకుని ఇరుక్కున్న ఈజీఆర్ వాల్వు, బూస్ట్ లీకు. థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయి ఇంజిన్ సరిగా వేడెక్కకపోతే రీజనరేషన్, అంటే పట్టిన మసిని డీపీఎఫ్‌లోనే కాల్చేయడం, మొదలే కాదు. ఎక్కువ సేపు ఐడిల్‌లో ఉంచే బండికి కూడా ఇదే గతి. మసి కాలుతుంది కానీ ఇంజిన్ ఆయిల్ వల్ల చేరే బూడిద కాలదు. లక్షల కిలోమీటర్లు తిరిగిన డీపీఎఫ్‌ను విప్పి శుభ్రం చేయించక తప్పని రోజు వస్తుంది. డీపీఎఫ్ ప్రెజర్ సెన్సర్‌కు వెళ్లే సన్నటి గొట్టం పగిలినా, మసితో మూసుకుపోయినా సెన్సర్ తప్పు చెబుతుంది, దానిని చూడడానికి రెండు నిమిషాలు చాలు. ఈ వ్యవస్థలను తీసేసి ఈసీఎంను మభ్యపెట్టే పరికరాలు పెట్టడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. పైగా కారే ఇంజెక్టర్ గురించి చెప్పే గొంతును అది నొక్కేస్తుంది.

మరమ్మతు తర్వాత

ఇప్పుడు కోడ్ చెరపవచ్చు. తర్వాత లోపం ఏ పరిస్థితిలో వచ్చేదో నోటు పుస్తకంలో చూసి, అదే పరిస్థితిని కల్పించాలి: అదే లోడు, అదే ఎత్తు, అదే డీజిల్ మట్టం. షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిప్పి తీసుకురావడం పరీక్ష కాదు. మూడు నాలుగు ప్రయాణాల తర్వాత లైటు వెలగకపోయినా స్కానర్ పెట్టి పెండింగ్ కోడ్‌లు చూడాలి, లోపం తిరిగి వస్తుంటే మొదట అక్కడే కనిపిస్తుంది. కొన్ని బండ్లలో పర్మనెంట్ కోడ్ అని మిగిలేది స్కానర్‌తో చెరగదు, ఈసీఎం తన పరీక్ష తాను చేసుకుని తృప్తి చెందాకే పోతుంది. దానిని చూసి పని కాలేదని అనుకోనక్కర్లేదు. అదే ఎస్‌పీఎన్ వేరే ఎఫ్‌ఎమ్‌ఐతో తిరిగి వస్తే మాత్రం పాత లోపం కంటే ముందు, మరమ్మతులో మీ చెయ్యి తగిలిన కనెక్టర్‌నే విప్పి చూడండి. లాక్ క్లిప్పు సరిగా పడకపోవడమో, ఒక పిన్ను వెనక్కి జారడమో జరిగి ఉంటుంది.